పేద్రు దొర కొట్లో పంక్తి

స్నేహితులిద్దరూ వస్తారో రారోనని అనంతరామ నాయుడి ప్రాణం కొట్టుకుపోతోంది.

పోదనూరు రైలు స్టేషనుకి ఎదురుగా ఉన్న పూరిపాక కొట్టులో, బల్ల ముందు కూర్చుని గుమ్మం వైపే చూస్తున్నాడు. కంపెనీ పోయి రాణి ఏలుబడి వచ్చిన కొత్త రోజులు. కొట్టు ఇటలీ దేశపు పేద్రు దొరది. పట్టాలు వేయించే దొరలకి వంట చేయడానికి వచ్చి, వాళ్ళు పోయినా ఇక్కడే ఉండిపోయాడు. అణా ఇస్తే కడుపునిండా పెడతాడు. నువ్వెవరివి, నీదే కులం అని అడగడు. ఆ అడగకపోవడమే అనంతరామ కొంప ముంచింది.

రైలు సామాను బండి తోలుకొచ్చి, వానలో చిక్కుకుని, ఆకలికి తాళలేక ఒక పూట ఇక్కడ తిన్నాడు. అంతే! ఎవడో చూశాడు. సింగానల్లూరు కమ్మవారి పెద్దలు కూర్చుని అతన్ని కులం నుంచి తీసేశారు. మంగలి రాడు, చాకలి రాడు, బావిలో చేద వేయకూడదు. సొంత ఇంటి గడప తొక్కకూడదు. ఊరి బయట బండ్ల కొట్టంలో పడుకుంటున్నాడు.

అవన్నీ ఓర్చుకున్నాడు. కానీ ఇంట్లో తల్లి రామక్కాళ్‌కి గంజి కూడా గొంతు దిగడం లేదు. ఇవాళో రేపో అంటున్నారు. ఒక్కగానొక్క కొడుకు. కన్నతల్లి నోట్లో చివరిసారి ఇన్ని నీళ్ళు పోయడానికి కూడా లేదంటే ఎట్లా? వెళ్ళి పెద్ద నాయుడి కాళ్ళ మీద పడ్డాడు.

“ఒకడు తింటే తప్పురా. కులంలో ఉండేవాడొకడు అదే బల్ల కాడ నీ పక్కన కూర్చోని తింటే, అది ఊరి సంగతి. అప్పుడు అందరి నాలికల మీదా కాల్చిన బంగారం పెట్టి లోపలికి చేర్చుకుంటాము. మన ఊళ్ళన్నిటికీ ఇదే కట్టు,” అన్నాడు పెద్ద నాయుడు మీసం దువ్వుకుంటూ.

ఎవడూ తినడని ఆయన ధీమా. సాక్షిగా మాత్రం ఊరి వెట్టిపనులు చేసే తోటి కరుప్పుసామిని వెంట పంపాడు.

సింగానల్లూరులో అనంతరామ ముఖం చూసేవాడే లేడు. అందుకే సూలూరులో ఉన్న తమ కులంవాళ్ళే అయిన లక్ష్మణకీ ఆండియప్పకీ కబురు పెట్టాడు. చిన్నప్పుడు ముగ్గురూ ఒకే చోట కర్రసాము నేర్చుకున్నారు. ‘బండ్ల బేరం మాట్లాడాల, పేద్రు కొట్టుకి రండి, సాప్పాడు నాది’ అని చెప్పించాడు. తనని తీసేసిన సంగతి చెప్పలేదు. చెబితే వస్తారా? మోసమే, కాదనడానికి లేదు. అమ్మ కోసం ఆ పాపం కూడా చేశాడు.

వచ్చారు! గుమ్మంలో ఒక్క క్షణం కూడా తటపటాయించకుండా, చెరో పక్కనా కూర్చున్నారు.

“ఏం బావా, ఇట్ల చిక్కిపోయినావే!” అన్నాడు లక్ష్మణ.

“అమ్మకి ఒళ్ళు బాగలేదు.”

“అయ్యో! గుమ్మం కాడ నిలబడుకోనుండేది ఎవరు?”

“మా ఊరి తోటి. తోడొచ్చినాడు.”

“మంచిదే, మంచిదే. మీ ఊళ్ళో అందురూ సుఖమేనా?”

“ఆ... సుఖమే. మీ పక్క?”

“మాకేమి, రాజాల మాదిరి ఉండాము,” అన్నాడు ఆండియప్ప గబుక్కున.

పేద్రు మూడు పళ్ళాలు తెచ్చి పెట్టాడు. గోధుమపిండితో చేసిన, సేమ్యాలాంటి పొడుగాటి సందగై, దాని మీద ఎర్రగా సీమ తక్కాళి అనే టమాటాల రసం, పైన ఘాటుగా వాసన కొట్టే గట్టి వెన్నముక్కల తురుము.

“ఏమి దొరా, వానపాముల్ని ఉడకేసినావా?” అన్నాడు ఆండియప్ప. దొరకి ఏం అర్థమైందో గానీ పకపకా నవ్వి, ముల్లుచెంచాకి చుట్టి తినడం చూపించాడు. ఆండియప్ప చుట్టబోతే అంతా జారి గడ్డానికి వేలాడింది. అనంతరామ కూడా నవ్వాడు. నవ్వి ఎన్నాళ్ళయిందో! ఆ వెంటనే సిగ్గుతో చచ్చిపోయాడు. ఇంత మంచివాళ్ళ కొంపలు ముంచుతున్నాను కదా అనుకున్నాడు. పళ్ళెం పక్కకి జరిపాడు.

“బావా, మీకొకటి చెప్పాల...”

“తరవాత చెబుదువు గాని. ముందు తిను,” అన్నాడు లక్ష్మణ. “కవల వొద్దురా, దిగులు పడొద్దు. మా పక్కనే కూర్చోని కడుపునిండా తిను.”

ఆ మాటకి అనంతరామ కళ్ళనీళ్ళు ఆగలేదు. ఏడుస్తూనే తిన్నాడు. ఇద్దరూ పళ్ళాలు ఊడ్చేశారు. గుమ్మంలో కరుప్పుసామి రెప్పవేయకుండా చూస్తున్నాడు. చూడనీ! సాయంత్రానికల్లా ఇంట్లో ఉంటాడు. అమ్మ తల ఒళ్ళో పెట్టుకుంటాడు. బతికుంటే ఈ రుణం ఇద్దరికీ ఊడిగం చేసైనా తీర్చుకుంటాడు.

చేతులు కడుక్కున్నారు. “పద కరుప్పుసామీ” అనబోతూ అనంతరామ లేచాడు.

లక్ష్మణ అప్పటికే గుమ్మం దగ్గరికి పరుగెత్తి, నాయుడై ఉండీ ఆ తోటికి రెండు చేతులూ జోడించాడు.

“నాయనా, రేపు మా సూలూరికి వొచ్చి, కులంలో ఉండేవాడొకడు మా పక్కన కూర్చోని తిన్నాడని సాచ్చి చెప్పు, పోయిన ఆడి మాసంలోనే మమ్మల్నిద్దర్నీ తీసేసినారు.”