పెట్టె బిగించేదాకా

గ్యారేజీలో టూర్డిస్ బ్యాటరీ తీగను తగిలించబోతుంటే ఆమె కారులోంచి మెకానిక్ హాల్గైర్ గొంతు వినిపించింది.

"అది ముట్టుకోకమ్మా. ఎయిర్‌బ్యాగుల్ని నడిపే పెట్టె ఇంకా బిగించలేదు. ఇప్పుడు కరెంటొస్తే బ్యాగు నా మొహం మీదే పేలొచ్చు."

ఆమె చెయ్యి వెనక్కి తీసుకుంది.

"పాత పెట్టెనే బిగించి ఇచ్చేయండి. అవతలి ఒడ్డున ఆస్పత్రిలో ఉన్న మా ఆయన ఇవాళ్టికి మించి బతకడన్నారు. బళ్లను దాటించే పడవ వెళ్లిపోతుంది."

"అది మంచునీళ్లలో నాని పాడైంది. ఈ దారిలో బండి జారి దేన్నైనా గుద్దితే ఒక్క బ్యాగూ తెరుచుకోదు."

"ఆయనే పోయాక నాకెందుకండీ అవన్నీ?"

హాల్గైర్ బయటికొచ్చి చేతులు తుడుచుకున్నాడు. "నా వ్యాను వాకిట్లోనే ఉంది. తీసుకెళ్లమని నువ్వు రాగానే చెప్పాను. కాఫీ ఇచ్చినప్పుడూ చెప్పాను."

టూర్డిస్ కిటికీలోంచి వ్యాను వంక చూసింది. ఆ మాట ఆమె రెండుసార్లూ విన్నది. వినీ ఇక్కడే నిలబడి మెకానిక్‌ను తొందరపెడుతూ ఉంది.

"నువ్వొచ్చేదాకా ఉంటానని ఆయన పొద్దున ఫోన్లో మాటిచ్చాడు," అంది మెల్లగా. "నేను వెళ్లనంతసేపూ ఉంటాడని..."

ఆ మాట పూర్తిచేయలేక అక్కడే కూలబడింది.

హాల్గైర్ కొక్కేనికున్న కోటు తీసి ఆమెకు కప్పాడు. "పద. నేను నడుపుతాను."

వ్యాను కదిలాక ఆమె ఆస్పత్రికి ఫోన్ చేసింది. ఫోను భర్త చెవి దగ్గర పెట్టమని నర్సును అడిగింది.

"బయల్దేరాను," అంది.