దగ్గరి బంధువు

ఆ ఆసుపత్రిలో పేరు తెలియకుండా చేరిన రోగులందరికీ దగ్గరి బంధువు ఒక్కడే!

పై అంతస్తులో కంప్యూటర్ ముందున్న కొత్త ప్రోగ్రామర్ కళ్లు నులుముకుని మళ్లీ చూసింది. ఎన్ని పేజీలు తిప్పినా ‘బంధువు ఫోన్’ కాలమ్‌లో అదే నంబరు.

గబగబా కింద వార్డుకి వచ్చింది.

“ఏంటి మేడమ్, పై అంతస్తు వాళ్లకి వార్డు దారి కూడా తెలుసా!” నర్సు ఎత్తిపొడిచింది.

“ఈ నంబరు ఎవరిది సిస్టర్?”

“ఓ బక్కాయనది. ఫోన్ చేస్తే చాలు, ఊడిపడతాడు. చెయ్యి పట్టుకుని కూర్చుంటాడు. మనిషి పోతే శవాన్నీ ఆయనే తీసుకెళ్తాడు.”

“ఏమవుతాడట?”

“ఒకరికి తమ్ముడంటాడు, ఒకరికి అల్లుడంటాడు. లోకమంతా చుట్టాలే!”

ఆమెకి నవ్వు రాలేదు. శవాలతో వ్యాపారం చేసేవాళ్ల గురించి విని ఉంది.

పైకెళ్లి రోగుల వివరాల కోడ్ తెరిచింది. అనుకున్నంతా అయింది. ఆ కాలమ్‌కి ఎవరో డిఫాల్ట్‌గా ఆ నంబరు పెట్టారు. గుమాస్తా ఏమీ ఇవ్వకపోతే అదే దానంతటదే వచ్చి కూర్చుంటోంది.

“దొంగ దొరికాడు!”

డిఫాల్ట్ తీసేసింది. ఇవ్వకపోతే ఖాళీగానే ఉండేలా మార్చి, మైగ్రేషన్ నడిపి ఆ మార్పుని డేటాబేస్‌లోకి ఎక్కించింది. ఆ వెంటనే గేటుకి ఫోన్ చేసింది.

“ఆ బక్కాయన్ని గడప తొక్కనివ్వకండి.”

తర్వాత వార్డు మీదుగా నడవాలంటే ఆమెకి అదోలా ఉండేది. పేరులేని రోగులు తలుపు వైపే చూస్తుండేవాళ్లు.

ఓ మధ్యాహ్నం రోడ్డు మీద పడి ఉన్న మనిషిని తెచ్చారు. స్పృహ లేదు. పేరు తెలియదు. ఫోన్ గడి ఖాళీ. సాయంత్రానికి పోయాడు.

అప్పుడే డ్యూటీకి వచ్చిన నర్సు ఆమెని కిందికి పిలిపించింది.

“ఈయనే మేడమ్, ఆ బక్కాయన.”

“పొరబడ్డారేమో.”

ఆమె ఆ పాత నంబరు నొక్కింది.

మంచం కింద బట్టల మూటలో ఫోన్ మోగింది.

మోగుతూనే ఉంది. ఆపడానికి ఆమెకి చెయ్యి రాలేదు.

“ఆ నంబరు ఉండుంటే మధ్యాహ్నమే ఎవరో ఒకరు ఫోన్ చేసేవాళ్లు. ఈయనెవరో తెలిసేది,” అంది నర్సు. “కనీసం చెయ్యైనా పట్టుకునేవాళ్లం.”

తలుపు దగ్గర గేటు సెక్యూరిటీ గార్డు టోపీ తీసి నిలబడ్డాడు.

“తప్పు నాదే మేడమ్. గేటు దగ్గర మీతో ఓ మాట చెప్పమని బతిమాలాడు. ఇలాంటోళ్లు సవాలక్ష చెప్తారని వదిలేశా.”

“ఏం చెప్పమన్నాడు?”

“‘ఆ నంబరు పెట్టింది నేనే, మేడమ్‌కంటే ముందు ఆ కుర్చీ నాది. కింద వార్డులో మా అమ్మ పేరులేని మనిషిగా పోతున్నప్పుడు ఆ గడి ఖాళీగా ఉంది, నేను పైన అదే కుర్చీలో పనిచేసుకుంటున్నాను’ అన్నాడు.”