ట్యూటరమ్మ కోపం

"మల్లా పరుచు," అంది రూతమ్మ, మంచం మీది దుప్పటిని ఒక్క లాగు లాగి కింద పడేసి.

విశ్వాసమ్మ వంగి దుప్పటి తీసుకుంది. పక్కన నిలబడ్డ తక్కిన నర్సులు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. వాళ్లు పరిచిన మంచాలు అంతకంటే గొప్పగా ఏమీ లేవు. వాటిని చూసి తలూపి వదిలేసిన ట్యూటరమ్మ ఈమె దగ్గర మాత్రం ఆగింది.

కర్నూలు రాజధానిగా ఉన్న రోజులవి. కొన్ని కచ్చేరీలు ఇంకా గుడారాల్లోనే నడుస్తున్నాయి. పల్లె ఆసుపత్రుల్లో ఏళ్లుగా సహాయ నర్సులుగా పనిచేస్తున్నవాళ్లకు చదువు చెప్పి, పరీక్ష ప్యాసైతే రిజిస్టరు నర్సులను చేసే తరగతి ఆ ఊరి ఆసుపత్రి ఒకదానిలో మొదలైంది. విశ్వాసమ్మ కోయిలకుంట్ల నుంచి వచ్చింది. అందరిలోకీ పెద్దది ఆమే. చెవుల పక్కన వెంట్రుకలు నెరిశాయి. కట్లు కట్టడంలో, కాన్పులు చేయడంలో చేయి తిరిగిన మనిషే కానీ ఇంగ్లీషు అక్షరాలు కనిపిస్తే చెమటలు పట్టేవి.

పాఠాలు చెప్పే రూతమ్మ మద్రాసులో చదివి వచ్చింది. విశ్వాసమ్మ కంటే వయసులో చాలా చిన్నది. తరగతిలో అందరినీ 'మీరు' అనే పిలిచేది, నిన్న మొన్నటి పిల్ల తిమ్మమ్మతో సహా. విశ్వాసమ్మ ఒక్కదాన్నే 'నువ్వు' అనేది. మొదట్లో ఎవరూ పట్టించుకోలేదు. పోనుపోను వినేవాళ్లకే అది కష్టంగా తోచింది. దానికి తోడు వారం వారం పెట్టే పరీక్షల్లో అందరి పేపర్లూ తానే దిద్ది, విశ్వాసమ్మది మాత్రం నర్సులందరికీ పెద్దయిన మేట్రన్‌కు పంపేది. ఆ పేపరు తాకడానికి కూడా ట్యూటరమ్మకు ఇష్టం లేదని అందరూ చెప్పుకున్నారు.

నందికొట్కూరు తిమ్మమ్మకు ఇదంతా చూసి ఒళ్లు మండేది. సూపరింటెండెంటు డాక్టరు దగ్గరికి పోయి చెబుదామని ఇద్దరు ముగ్గురిని కూడగట్టింది కూడా.

"ఆమె నీ బిడ్డ వయసుది. నిన్ను పట్టుకొని నువ్వు నువ్వు అంటాంటే నీకు రోషం రాదా అక్కా?" అని అడిగింది.

"చెప్పేది సరిగ్గానే చెప్తాండాది కదమ్మా. అననీలే," అంది విశ్వాసమ్మ. డాక్టరు దగ్గరికి ఎవరూ పోవద్దని చేతులు పట్టుకొని బతిమాలింది.

ఒకరోజు మాత్రం ఆమెకూ ఓపిక నశించింది. తరగతిలో ఒక మందు పేరు ఎంతకీ నోరు తిరగలేదు. అది సరిగ్గా పలికేదాకా రూతమ్మ ఆమెను నిలబెట్టే ఉంచింది. వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. మధ్యాహ్నం హాస్టలుకు రాగానే విశ్వాసమ్మ ట్రంకుపెట్టెలో చీరలు సర్దుకోసాగింది. ఈ వయసులో తనకు ఈ చదువు రాదని, కోయిలకుంట్లలో తన పని తనకుందని అంది. తిమ్మమ్మ ఎంత చెప్పినా వినలేదు.

అంతలో గుమ్మంలో రూతమ్మ కనిపించింది.

"యాడికి పోతాండావు?"

"ఊరికి, సిస్టర్."

"పోతే పో. జన్మంతా ఇంకొకరి కింద బెడ్‌పాన్లు మోసుకుంటా ఉండు." రూతమ్మ గిరుక్కున తిరిగి వెళ్లిపోయింది.

ఇంత మాట పడ్డాక విశ్వాసమ్మ ఎలాగూ నిలవదనుకుంది తిమ్మమ్మ. విశ్వాసమ్మ కాసేపు పెట్టె మీద చేయి వేసుకొని కూర్చుంది. తర్వాత చీరలన్నీ మళ్లీ బయటికి తీసి దులిపి దండెం మీద వేసింది. ముఖంలో సన్నగా నవ్వు.

"కోపం శానా జాస్తి ఆ మనిషికి," అంది. "పుట్టినప్పటి నుంచి ఇంతే అయ్యింటాది."

ఆ మరుసటి రోజు నుంచి పొద్దున్నే బావి దగ్గర నీళ్లు చేదుకుంటూ కూడా మందుల పేర్లు వల్లె వేసేది. నోరు తిరగకపోతే తానే నవ్వుకొని మళ్లీ మొదలుపెట్టేది. పక్క బిందెవాళ్లకు కూడా ఆ పేర్లు వచ్చేశాయి.

ఆఖరి పరీక్ష పెట్టడానికి గుంటూరు నుంచి ఒక పెద్ద నర్సమ్మ వచ్చింది. కడుపు ఆపరేషనైన ఓబులేసు అనే రైతును కదిలించకుండా అతని కింది పక్కబట్టలు మార్చమని విశ్వాసమ్మకు చెప్పింది. విశ్వాసమ్మ కంగారులో దుప్పటి తిరగేసి పట్టుకుంది. వార్డు గుమ్మంలో నిలబడి ఉన్న రూతమ్మ అది చూసి ముఖం తిప్పుకొని వరండాలోకి వెళ్లిపోయింది. ఈమె గట్టెక్కితే చూడలేక పోయిందని తిమ్మమ్మ పళ్లు కొరికింది. విశ్వాసమ్మ మెల్లగా నిలదొక్కుకుంది. దుప్పటి ముడత లేకుండా పరిచింది. ఇంగ్లీషులో అడిగిన మందుల పేర్లకు ఆగి ఆగి అయినా తప్పులేకుండా జవాబు చెప్పింది. ఓబులేసు ఏమీ ఎరగనట్టు నిద్రపోతూనే ఉన్నాడు.

అందరూ ప్యాసయ్యారు. బ్యాడ్జీలు ఇచ్చే రోజు ఆసుపత్రి ముందర షామియానా వేశారు. తిమ్మమ్మ తండ్రి, అన్నలు, వదినలు ముందు వరుసంతా నిండిపోయారు. ఒక్కొక్కరి వాళ్లు ఒక్కో మూల నుంచి చప్పట్లు కొట్టారు. విశ్వాసమ్మ వేదిక ఎక్కినప్పుడు మాత్రం కుర్చీల్లోంచి ఎవరూ లేవలేదు. రూతమ్మ వచ్చి ఆమె భుజం దగ్గర బ్యాడ్జి గుచ్చబోయింది. పిన్ను ఎంతకీ దిగలేదు. రెండుసార్లు చేతిలోంచి జారిపడింది.

సూపరింటెండెంటు డాక్టరు జాలిగా ముందుకు వంగాడు. "మీ తరఫున ఎవరూ రాలేదామ్మా?" అని అడిగాడు.

విశ్వాసమ్మ మేట్రన్ వైపు చూసింది. మేట్రన్ నవ్వుతూ, పరీక్షలైపోయాయి, ఇక చెప్పొచ్చన్నట్టు తలూపింది.

"నాకు బ్యాడ్జి పెడతాండేది నా కూతురే సార్."