ఎర్ర చుక్క బోల్టులు

కారు కింద గుంతలో నిలబడి షాఫ్టు జాయింటు మీది మడ్డి తుడిచిన లాజరుకి, నాలుగు బోల్టులు ఉండాల్సిన చోట రెండే కనిపించాయి.

ఆ రెండూ కూడా విరిగిన మొదళ్లే. ఏడాది కిందటి ప్రమాదంలో తెగినవి. మిగతా రెండు బెజ్జాలూ చెక్కుచెదరకుండా, ఖాళీగా ఉన్నాయి.

గేరుబాక్సు నుంచి వెనక చక్రాలకు పోయే షాఫ్టు అది. తిరుపతిరావు మద్రాసు కారు పందేలకు బయలుదేరే ముందురోజు సాయంత్రం దాన్ని బిగించింది లాజరే.

మర్నాడు బ్యారేజీ దాటి వేగం అందుకోగానే షాఫ్టు ఊడి రోడ్డులో దిగబడింది. కారు పల్టీలు కొట్టింది. తిరుపతిరావు ఎడమకాలు మోకాలి దాకా తీసేశారు. పోలీసులు అతివేగమని రాసుకుని వెళ్లిపోయారు. విజయవాడ మాత్రం లాజరు పేరే చెప్పుకుంది. అతని షెడ్డుకి బళ్లు రావడం మానేశాయి. అతని భార్య సువార్తమ్మ ఇళ్లల్లో అంట్లు తోమడానికి వెళుతోంది. చర్చిలో పక్కన కూర్చునేవాళ్లు కూడా కాస్త ఎడంగా జరుగుతున్నారు.

అతన్ని వదలనివాడు ఒక్కడే. తిరుపతిరావు తండ్రి ఆదిశేషయ్య. మగ్గం గుంతలో కూర్చుని మొదలుపెట్టి బట్టల వ్యాపారం దాకా ఎదిగిన మనిషి. ఈ ఏడాదంతా లాజరు ఇంటికి బియ్యం పంపిందీ ఆయనే, ఈ పని ఇప్పించిందీ ఆయనే. ఎడమకాలు లేకపోతే క్లచ్చి తొక్కడం కుదరదు. అందుకని మద్రాసు పాతసామాన్ల బజారులో ఒక అమెరికా కారునుంచి విప్పిన, క్లచ్చి అక్కర్లేని ఆటోమేటిక్ గేరుబాక్సు కొని తెచ్చాడు. ఇంట్లో కూర్చుని కుళ్లిపోతున్న కొడుకు మళ్లీ బండి నడపాలనీ, అది లాజరు చేతి మీదుగానే జరగాలనీ అన్నాడు.

ఏడాదిగా ఆయన పెరట్లో పడి ఉన్న ఆ కారు క్లచ్చి పెడలు పీకేసి, కొత్త గేరుబాక్సు పట్టేలా అడుగురేకు కోసి, పాత షాఫ్టు విప్పబోతే ఇది కనిపించింది.

కొత్త బోల్టులు వేసేస్తే ఎవరికీ తెలియదు. కానీ లాజరు దీపం దగ్గరగా జరిపాడు. ప్రతి బోల్టూ బిగించాక దాని తల మీద సగం, ఇనుము మీద సగం పడేలా ఎర్ర రంగు చుక్క పెట్టడం అతని అలవాటు. ఖాళీ బెజ్జాల అంచున రెండు అరచుక్కలు అలాగే ఉన్నాయి. వాటి పక్కన ఇనుము మీద పట్టకారు పళ్ల గాట్లు.

తను మరిచిపోలేదు. ఎవరో విప్పారు. ఆ సాయంత్రం అంతా కళ్లకు కట్టింది. గుంత అంచున కూర్చున్న ఆదిశేషయ్య ఆ కడ్డీ ఏమిటని అడగడం, ఇది లేకపోతే ఇంజను ఎంత అరిచినా బండి కదలదండీ అని తను చెప్పడం, చివర్న చుక్కలు పెట్టడం.

లాజరు చేతులు కడుక్కోకుండానే ఆదిశేషయ్య ఇంట్లోకి పరిగెత్తాడు.

ఆ రోజు అమావాస్య. నేతపనికి సెలవు. ఎవరూ పొరపాటున మగ్గం ఎక్కకుండా, అవి లేకపోతే మగ్గం ఆడని చీలలు తీసి గుడ్డలో మూటగట్టి రేకుపెట్టెలో పెడుతున్నాడు ఆదిశేషయ్య. గోడవార కుర్చీలో తిరుపతిరావు, పక్కన చంకకర్రలు.

లాజరు చెప్పిందంతా ఇద్దరూ విన్నారు.

“ఎవరికైనా చెప్పావా?” అన్నాడు ఆదిశేషయ్య.

“ఇంకా లేదండీ.”

“చెప్పకు. పోయిన కాలు తిరిగి రాదు.”

“నా పేరు తిరిగొస్తుందండీ,” అన్నాడు లాజరు. “ఏడాదిగా నా పెళ్లాం తలెత్తుకుని చర్చికి పోలేదు.”

తిరుపతిరావు చంకకర్రలు అందుకున్నాడు. “ఆ రాత్రి మనింట్లో పడుకున్నది సంజీవరావు. వారం తిరక్కుండా మద్రాసు పందెంలో కప్పు ఎత్తుకున్నదీ వాడే. నేను లేకపోతే గెలిచేది తనేనని వాడికి తెలుసు.”

“ఆయన మెకానిక్కు పని తెలిసిన మనిషి బాబూ,” అన్నాడు లాజరు. “ఇది పానా పట్టే చెయ్యి కాదు. పట్టకారుతో మెలిపెట్టారు. రెండు వచ్చాయి, రెండు రాలేదు. అక్కడితో వదిలేశారు.”

“చంపాలనుకున్నవాడు తన పానా గుర్తు వదిలి పోతాడా? అమాయకుడిలా ఉన్నావే. నడు, స్టేషనుకి. ఆ చుక్కలు వాళ్లకి నువ్వే చూపించాలి. వాణ్ణి ఉరికంబం ఎక్కించకపోతే నేను ఆదిశేషయ్య కొడుకుని కాదు.”

“తిరుపతీ, కూర్చో,” అన్నాడు తండ్రి.

“ఇంకా ఏం కూర్చోమంటావు నాన్నా? పందేలకు వెళ్లొద్దని ఆ రాత్రి నా కాళ్లు పట్టుకున్నావు. నువ్వు పట్టుకున్న కాళ్లల్లో ఒకటి వాడు తీసేశాడు.”

చంకకర్రల చప్పుడు గుమ్మం దాకా వెళ్లింది. లాజరు వెనకే కదిలాడు.

“ఆ సంజీవరావు జోలికి పోకు,” అన్నాడు ఆదిశేషయ్య.

ఆ గొంతుకి ఇద్దరూ వెనక్కి తిరిగారు. ఆయన రేకుపెట్టె ముందు చతికిలబడి ఉన్నాడు. చీలల మూట పక్కకి పెట్టి, అడుగునుంచి అలాంటిదే ఇంకో చిన్న మూట తీశాడు. దాని ముడిని పళ్లతో లాగాడు.

గుడ్డలో రెండు బోల్టులున్నాయి. రెండింటి తలల మీదా ఎర్రగా అరచుక్క.

“చీల తీస్తే మగ్గం ఆగినట్టు, బండీ గుమ్మంలోనే ఆగిపోతుందనుకున్నానురా.”