ఫోటోకు అడ్డమొచ్చిన అవ్వ

ఆర్మూర్ పసుపు మిల్లులో పొగ లేచింది.

రాజేశ్ నేల మీద పడి మూలుగుతున్నాడు. నుదుటి మీద ఎర్ర రంగు కారుతోంది.

"మొఖం జర నొప్పిగ పెట్టు భాయ్, పెండ్లికొడుకు లెక్క నవ్వుతున్నవ్," అన్నాడు హారిస్.

హారిస్‌ది పెళ్ళి ఫోటోలు తీసిన చెయ్యి. ఫైర్ సిబ్బంది మాక్ డ్రిల్ ఫోటోలు తీయడం ఇదే మొదలు. పేపర్లో పెద్దగా రావాలని ఫైర్ ఆఫీసర్ సంధ్యారాణి మరీ మరీ చెప్పింది.

స్ట్రెచర్ వచ్చింది. హారిస్ కెమెరా ఎత్తి వరసగా నొక్కసాగాడు.

అంతలో జనంలోంచి ఒక ముసలామె దూసుకొచ్చింది. పక్క సంచిలోంచి గుప్పెడు పసుపు తీసి రాజేశ్ నుదుటికి దట్టించింది.

పసుపు ముక్కులోకి పోయింది. చావుబతుకుల్లో ఉండాల్సిన రాజేశ్ వరసపెట్టి తుమ్మాడు.

"భయపడకు బిడ్డా. తుమ్ములొస్తున్నయంటె పానం గట్టిగున్నట్టే."

"అమ్మా, ఫోటోకు అడ్డమొస్తున్నవ్. జర జరుగు."

ఆమె జరగలేదు. రాజేశ్ తల ఒళ్ళో పెట్టుకుని కొంగుతో విసరసాగింది.

రాజేశ్ ఒక కన్ను తెరిచాడు. "నాకేం గాలేదవ్వా. గిది ఉత్త డ్రిల్లు."

"దెబ్బ తాకినోళ్ళు గిట్లనే మాట్లాడ్తరు. నీళ్ళు తేండ్రి ఎవలన్న."

జనం పడీపడీ నవ్వారు. స్ట్రెచర్ పట్టుకున్నవాళ్ళూ నవ్వారు. పెట్టిన పొగ కాస్తా అయిపోతుంటే హారిస్‌కు ఒళ్ళు మండింది. ఆమె రెక్క పట్టి గేటు దాకా నడిపించాడు.

"గది నెత్తురు గాదమ్మా, రంగు. అంత నాటకం."

ఆమె చేతికంటిన ఎరుపును వాసన చూసుకుంది.

"ముందుగాల చెప్పరాదు బిడ్డా," అంది. "పోనీ, పోరడు మంచిగున్నడు గద."

ఆలూర్ ఆటో ఎక్కి వెళ్ళిపోయింది.

మళ్ళీ రంగు పూశారు, మళ్ళీ పొగ పెట్టారు. అంతా అయ్యాక చాయ్ తాగుతూ హారిస్ కెమెరాలో ఫోటోలు చూపించాడు. సంధ్యారాణి మొహం చిన్నబోయింది. స్ట్రెచర్ మోసేవాళ్ళు, పైపు పట్టుకున్నవాళ్ళు, ఆఖరికి స్పృహ తప్పిన రాజేశ్ కూడా కెమెరానే చూస్తున్నారు.

ఒక్క ఫోటోలో మాత్రం ఆ ముసలామె రాజేశ్‌ని చూస్తోంది.

"గిదే పేపర్‌కు పంపు," అంది సంధ్యారాణి. "ఎవరామె?"

మిల్లు హమాలి ఎర్రన్న తొంగిచూశాడు. నవ్వుతున్నవాడల్లా ఆగిపోయాడు.

"నీలవ్వ, మేడం. పోయినేడు ధర్పల్లి రోడ్డు మీద ఆమె కొడుకుకు లారీ తాకింది. ఈమె ఉరికొచ్చేదాంక సుట్టు నిలవడి అందరు ఫోటోలే తీసిండ్రు గని, ఒక్కలు గూడ ముట్టలే."