గట్టిగా చదివిన చీటీ

చీటీ మడిచి ఇస్తే విప్పి మనసులో చదువుకుంటాడనుకుంది టేపక్క. అక్కడే పొరపాటు పడింది.

మందుల షాపాయన మనసులో చదువుకునే రకం కాదు. మందులన్నీ వెనక గదిలో అరల్లో ఉంటాయి. అవి తీసిచ్చే గుమాస్తాకి కాస్త చెవుడు. అందుకని వచ్చిన ప్రతి చీటీనీ ఈయన కౌంటర్ దగ్గర నిలబడి అరిచి చదువుతాడు. ఎవరికి మొలలున్నాయో, ఎవరికి నిద్ర పట్టదో, ఎవరికి పిల్లలు పుట్టడం లేదో వీధికంతా అలాగే తెలిసింది. వెనకాల అందరూ ఆయన్ని మైకు అంటారు. ఎదురుగా మాత్రం అన్నగారూ అంటారు. రేపు వాళ్ల చీటీ కూడా ఆయన చేతికే వెళ్లాలి మరి.

"ఇంట్లో చేసుకునే హెచ్ఐవీ టెస్టు, ఒకటి," అని అరిచాడు.

కౌంటర్ దగ్గర ఏడుగురున్నారు. ఏడుగురూ తిరిగి చూశారు. వాళ్లలో నలుగురి బట్టలు టేపక్క మిషన్ మీదే ఉన్నాయి. మెడలో ఎప్పుడూ టేపు వేసుకుని ఇంటింటికీ తిరిగి కొలతలు తీసుకుంటుంది కాబట్టి ఆ వీధిలో ఆమెకి వేరే పేరు లేదు. ఆ నాలుగు ఇళ్లూ, అలాంటివే మరో పదీ కలిస్తేనే ఆమెకి పూట గడుస్తుంది.

గుమాస్తా దుమ్ము దులుపుకుంటూ వచ్చాడు. ఒక్క డబ్బానే ఉందన్నాడు.

"నెమ్మదిగా చెప్పొచ్చు కదా అన్నగారూ," అంది టేపక్క.

"నేనేమన్నా దొంగసరుకు అమ్ముతున్నానా? తప్పు చేసినవాళ్లకి ఉండాలి సిగ్గు. ఇంటింటికీ తిరిగి ఆడవాళ్ల ఒంటికి టేపు చుట్టేదానివి. మా ఆవిడకి ఇవాళే చెప్తాను, ఇక నీ దగ్గర కుట్టించొద్దని."

టేపక్కకి అరికాలి మంట నెత్తికెక్కింది. ఒక్క మాట నాలుక చివరిదాకా వచ్చింది. అది అంటే మైకు అక్కడికక్కడే మూగబోయేది. కానీ అది అనకూడని మాట. పళ్లు బిగపట్టి, డబ్బులు కౌంటర్ మీద పెట్టి, లోపలున్నదంతా కనబడే పల్చటి కవర్లో ఆయన పెట్టిచ్చిన డబ్బాని సంచి అడుక్కి తోసి బయటపడింది.

అసలు ఈ షాపు గడప తొక్కకూడదనే అనుకుంది. పొద్దున్నుంచీ మూడు షాపులు తిరిగింది. రెండు చోట్ల లేవన్నారు. మూడోచోట అలాంటివి మేం అమ్మం అని మొహం తిప్పుకున్నారు. పెద్దాసుపత్రిలో ఊరికే చేస్తారు, నిజమే. కాకపోతే ఆ పరీక్ష గది ముందు బెంచీ సరిగ్గా గేటుకి ఎదురుగా ఉంటుంది. దాని మీద కూర్చుంటే పేరు రాసి గోడకి అంటించుకున్నట్టే. ఒంట్లో ఏముందో తెలుసుకోవాలంటే ముందు పరువు అక్కడ వదిలి రావాలన్నమాట.

బస్టాపులో కూర్చుని డబ్బాలోని కాగితం చదివింది. సబ్బుతో చెయ్యి కడుక్కోవాలి. వేలికి చిన్న పోటు, ఒక చుక్క నెత్తురు, ఇరవై నిమిషాలు. ఒక గీత వస్తే లేనట్టు. అయినా అనుమానం ఈమధ్యదైతే మూడు నెలలకి మళ్లీ చేసుకోవాలి. రెండు గీతలొచ్చినా అదే ఆఖరి మాట కాదు, ఆసుపత్రిలో మళ్లీ పరీక్ష చేయించి ఖాయం చేసుకోవాలి. ఉందని తేలినా, వేళకి మాత్రలు వేసుకుంటే అందరిలాగే బతకొచ్చు. మూడుసార్లు చదివింది. కొలత తప్పితే గుడ్డ పాడవుతుంది. ఇది తప్పితే గుడ్డతో పోదు.

మధ్యాహ్నానికల్లా మైకు పని మైకు చేసేసింది. కుట్టకపోయినా ఫరవాలేదు, గుడ్డ తిరిగిచ్చెయ్యమని రెండు ఫోన్లు వచ్చాయి. ఇంటావిడ నెలాఖరుకి వేరే వాటా చూసుకోమంది. కొలతలకి వెళితే పంతులమ్మ తలుపు సగమే తీసింది. టేపు వద్దంటూ కొలతకి పాత గౌను ఒకటి కొనవేళ్లతో పట్టుకుని ఇచ్చింది. ముట్టుకుంటే అంటుకోదని బడిలో పిల్లలకి ఏటా పాఠం చెప్పేది ఆవిడే. ఆ గౌనుని అక్కడే గేటుకి తగిలించి వచ్చేసింది టేపక్క.

చెల్లెలు ఫోన్లో ఏడ్చింది. నీకేమీ లేదని ఒక్క మాట చెప్పు, వీధి మొత్తాన్నీ కడిగిపారేస్తానంది.

"నాకుంటే మాత్రం ఏం? అప్పుడు నువ్వు కూడా తలుపు సగమే తీస్తావా?" అంది టేపక్క.

ఫోన్ పెట్టేసింది.

నాలుగున్నరకి కొలతలకి రమ్మన్న ఇల్లు ఒకటి ఉంది. ఆ రోజుకి ఆమెని రావద్దనని ఇల్లు అదొక్కటే. వెనకవైపు ఇనుప మెట్లెక్కి తట్టింది. ఈ తలుపు మాత్రం పూర్తిగా తెరుచుకుంది. టేపక్క లోపలికి వెళ్లి గడియ పెట్టింది. సంచి అడుగు నుంచి డబ్బా తీసి, అందులోవన్నీ బల్ల మీద వరసగా పేర్చింది.

కింద షాపులో ఇంకెవరిదో చీటీ అరిచి చదువుతున్న మొగుడి గొంతు వినబడకుండా కిటికీ మూసి వచ్చి, ఆవిడ టేపక్క ఎదురుగా కూర్చుని వేలు చాపింది.