మూడో పిలుపు

"ప్యానెల్, వినబడుతోందా?"

"స్పష్టంగా వినబడుతోంది పైలట్, చెప్పండి."

హెడ్‌ఫోన్లో ఆ గొంతు వినగానే ఆమె కుర్చీలో సర్దుకుని కూర్చుంది. కొంచెం బొంగురు గొంతు. తొందరంటే ఎరగని గొంతు.

విమానం ముందుభాగంలో కాక్‌పిట్. వెనకభాగంలో, కిటికీ కూడా లేని ఇరుకు గదిలో, మీటర్ల ప్యానెల్ ముందు ఆమె; అందుకే ఆమె పిలుపు పేరు కూడా ప్యానెలే. మధ్యలో మూసిన తలుపు. విమానం పొట్ట కింద ఒక చిన్న రాకెట్ వేలాడుతోంది. దాన్ని మేఘాల పైదాకా మోసుకెళ్ళి వదిలేస్తే, అక్కణ్ణుంచి మండుకుంటూ పోయి బుల్లి ఉపగ్రహాలను కక్ష్యలో పెడుతుంది. రాకెట్ మంచీచెడ్డా చూసుకునేది ఆమె. మీట నొక్కి వదిలేది పైలట్.

ఈ పనిలో ఒక నియమం ఉంది. అడిగినదానికి జవాబు చెప్పి తీరాలి. 'ఊఁ' అంటే చెల్లదు. ఒకసారి అడుగుతారు, రెండోసారి అడుగుతారు. మూడోసారికీ పలక్కపోతే ప్రయోగం రద్దు. రాకెట్‌ని మోసుకుని వచ్చినదారి పట్టాల్సిందే.

ఇలాంటి నియమం ఇళ్ళల్లో కూడా ఉంటే ఎంత బాగుండునో అని ఆమె చాలాసార్లు అనుకుంది.

ఇంట్లో వాళ్ళాయన ఆమెతో మాట్లాడడు. ఆమాటకొస్తే ఆమే మాట్లాడదు. ఆమె తల్లి పోయినరోజు డ్యూటీ ఉందని ఆయన రాలేదు. ఆమె ఒక్కతే వెళ్ళింది, ఒక్కతే తిరిగొచ్చింది. వచ్చాక ఆయన ఏదో చెప్పబోతే, "నాకేం చెప్పొద్దు" అంది. ఆయన నిజంగానే చెప్పడం మానేశాడు. మొదట కోపం, తర్వాత పంతం, ఆ తర్వాత అలవాటు. కనీసం పిల్లి మీదా ఎలుక మీదా పెట్టైనా ఒక మాట అనుకోరు. గోడలకు చెవులుంటాయంటారు గానీ, ఆ ఇంటి గోడలకు పాపం కుళాయి చప్పుడే గతి.

అందుకే ఆమెకు హెడ్‌ఫోన్లో ఈ గొంతంటే ప్రాణం. దాచడమెందుకు, ప్రయోగాలు లేని వారాల్లో బెంగపెట్టుకునేది. "పీడనం ఎలా ఉంది?" అని అడిగితే చాలు, తన ఒంట్లో ఎలా ఉందని అడిగినట్టుండేది.

ఇవాళ్టితో అదీ అయిపోతోంది. విమానం ముసలిదైపోయింది. ఇకమీదట రాకెట్లన్నీ నేల మీంచే ఎగురుతాయట. ఆమెకు ఆఫీసులో ఒక కుర్చీ చూపించారు. పైలట్‌ని కొత్తవాళ్ళకు పాఠాలు చెప్పుకోమన్నారు.

"ఇంధనం?"

"బాగుంది."

"బ్యాటరీ?"

"బాగుంది."

"వదలమంటారా?"

ఆమె ఒక్క క్షణం తటపటాయించింది. "వదలండి పైలట్."

బరువు దిగిన విమానం ఒక్కసారి పైకి లేచింది. వెంటనే పక్కకు ఒరిగిపోయింది. రాకెట్ అంటుకునేలోపు విమానం దూరంగా తప్పుకోవాలి. అంచేత ఇన్ని రాకెట్లు వదిలిన పైలట్ ఒక్కటంటే ఒక్కటి వెలగడం కళ్ళారా చూడలేదు. చూసేది ఆమె, ఎదురుగా ఉన్న తెరమీద.

"ఎలా ఉంది?" అన్నాడు పైలట్.

ఇది పద్ధతిలో లేని ప్రశ్న. ప్రతిసారీ అడుగుతాడు. నేలమీద కంట్రోల్ రూంలో కూర్చునే పెద్దాయన ప్రతిసారీ విననట్టు ఊరుకుంటాడు. ఆమె కూడా "బాగా వెలిగింది" అని ముక్తసరిగా తేల్చేసేది. ఇవాళ అలా తేల్చబుద్ధి కాలేదు.

"ముందు రాయిలా పడిపోతుందండీ. ఇంక పోయింది, అయిపోయింది అనిపిస్తుంది. నాకైతే ప్రతిసారీ గుండె జారిపోతుంది. ఇంతలో అంటుకుంటుంది. తెరంతా తెల్లబడిపోతుంది. తర్వాత ఒక సన్నటి గీత, పైకి, ఇంకా పైకి. అక్కడ ఆకాశం నల్లగా ఉంటుంది. అంత నలుపులో అదొక్కటే పోతూ ఉంటుంది. చూస్తుంటే జాలేస్తుంది."



"వదిలేసి మొహం తిప్పుకోవడమే నా పనైపోయింది" అన్నాడు పైలట్. "ఇకమీదట నాకెవరు చెప్తారు?"

ఆమె తెరమీద ఆ గీత కనుమరుగయ్యేదాకా చూసింది.

"ఇంక చాలించండమ్మా ఇద్దరూ. దిగండి" అన్నాడు కింద పెద్దాయన. ఆయన గొంతు కూడా అదోలా ఉంది.

విమానం దిగాక ఆమె హెడ్‌ఫోన్ తీసి కొక్కేనికి తగిలించింది. వెనక మెట్ల మీంచి దిగింది. ముందు మెట్ల దగ్గర పైలట్ చుట్టూ జనం, పూలగుత్తులు, ఫొటోలు. ఆమె అటు వెళ్ళలేదు. వెళ్ళి ఏం మాట్లాడుతుంది? చెవులకు హెడ్‌ఫోన్ లేకుండా ఆ మనిషితో మాట్లాడే ధైర్యం ఆమెకు లేదు. తలొంచుకుని బస్సెక్కింది.

చీకటి పడేవేళకు వాళ్ళాయన ఇంటికొచ్చాడు. ఉలుకూ పలుకూ లేకుండా వంటింట్లోకి పోయి, కుళాయి తిప్పి, పొద్దుటి గిన్నెలు తోమడం మొదలెట్టాడు. మాటలు మానేశాకే ఆయన గిన్నెలు తోమడం నేర్చుకున్నాడు. అది క్షమాపణో కాలక్షేపమో ఆమె ఎప్పుడూ అడగలేదు.

ఆమె వచ్చి గుమ్మం దగ్గర నిలబడింది. రేపట్నుంచి హెడ్‌ఫోన్లో ఆ గొంతు లేదు. ఇక ఎదురుగా ఈ వీపొక్కటే. ఆమెకు భయమేసింది.

"వినబడుతోందా?" అంది.

కుళాయి చప్పుడులో ఆ మాట కలిసిపోయింది.

"వినబడుతోందా?"

గిన్నె మీద ఆయన చేతులు ఆగిపోయాయి. కుళాయి కట్టేశాడు. ఇటు తిరగలేదు.

ఇంకొక్కసారే. దీనికీ జవాబు రాకపోతే వచ్చినదారి పట్టడమే. ఆమె గోడను పట్టుకుంది.

"వినబడుతోందా?"

తడిచేతులతోనే ఇటు తిరిగి, పొద్దున మేఘాల మీద విన్న ఆ బొంగురు గొంతుతోనే ఆయన అన్నాడు: "స్పష్టంగా వినబడుతోంది ప్యానెల్, చెప్పు."